పద్నాలుగో స్టేషన్ ఎవర్ట్

ఇంజన్ స్టార్టయినప్పుడు ఎవర్ట్ లింద్‌మర్క్‌కి సంతోషించే ఓపిక కూడా లేదు. ఆరు వారాలుగా ఇంటి వెనక షెడ్డులో మోకాళ్ళ మీదే ఉన్నాడు. అది నవంబరు చివరి గురువారం. మధ్యాహ్నం రెండింటికే వెలుతురు సన్నగిల్లుతోంది. చల్లటి ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుని బుద్ధిగా తిరిగింది. పావుగంటకు వేడెక్కింది. అతను యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. మీటర్ల పక్కన, ఆయిల్ గుర్తున్న ఎర్ర దీపం మిణుక్కుమంది. ఆరింది. మళ్ళీ వెలిగి, ఇక ఆరలేదు.

తాళం తిప్పి ఆపేశాడు.

ఆయిల్ లేదని వెలిగిన దీపం కాదది. ఆయిల్ నిండా ఉంది, తను పోసిందే. ఉన్న ఆయిల్ తగిన ఒత్తిడితో పైకెక్కి, చేరవలసిన చోట్లకు చేరడం లేదని దాని అర్థం. అలాగే నడిపితే కొద్ది కిలోమీటర్లలోనే లోపల ఇనుము ఇనుముని తింటుంది. ఆరు వారాల పని పాతసామాన్ల దుకాణానికి పోతుంది.

భార్య గున్‌బ్రిట్ కాఫీ ఫ్లాస్కు పట్టుకుని షెడ్డు గుమ్మంలోకి వచ్చింది.

"బాగానే మోగింది కదా. ఎందుకాపావు?"

"దీపం."

"ఏ దీపం?"

"ఆయిల్‌ది."

ఆమె ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. మూత తీయలేదు. "సోమవారానికి ఆరుతుందా అది?"

"ఆరుతుంది."

"నిజం చెప్పు ఎవర్ట్. ఆరకపోతే ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తా. ఆశపెట్టి కూర్చోబెట్టకు నన్ను."

"ఆరుతుందన్నాగా."

గున్‌బ్రిట్ ఆరేళ్ళుగా మా మునిసిపాలిటీలో ముసలివాళ్ళ ఇంటిసేవ చేస్తోంది. చేస్తోంది అనడం కూడా తప్పే. పిలిస్తే వెళ్తోంది. రోజూ తెల్లవారుజామున అయిదున్నరకు ఫోన్ మోగితే ఆ రోజు పని ఉన్నట్టు. మోగకపోతే లేనట్టు. స్నానానికి వెళ్ళినా ఫోన్ గట్టు మీద పెట్టుకుని వెళ్ళే మనిషి. యాభై మూడేళ్ళ వయసులో ఆమెకు మొదటిసారి పర్మనెంట్ ఉద్యోగం ఇస్తామన్నారు. ఆగస్టులో సరస్సు అవతలి పల్లెలకు బస్సు ఆపేశారు. అక్కడి పొలాల మధ్య ఒంటరి ఇళ్ళల్లో పద్నాలుగు మంది ముసలివాళ్ళున్నారు. బస్సు ఆపిన మునిసిపాలిటీయే, వాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి సొంత కారున్న మనిషి కావాలని కాగితం అంటించింది. సోమవారం ఏడు గంటలకు కారుతో హాజరు కావాలి. కాకపోతే జాబితాలో తరవాతి పేరు. అరువు కారుతో ఒక రోజు నడుస్తుంది గానీ ఉద్యోగం నడవదు. వాళ్ళ పాత స్టేషన్ వాగన్ సెప్టెంబరులో పొగలు కక్కి, లోపల టకటకా కొట్టుకుని, దారిలో కూలబడింది.

"ఇంజన్ నేనే విప్పి మళ్ళీ కడతా," అన్నాడు అప్పుడు ఎవర్ట్. "నేను చూసినన్ని ఇంజన్లు ఈ జిల్లాలో ఏ గ్యారేజీ వాడు చూశాడు?"

ఆ మాట అబద్ధం కాదు. కానీ అందులో నిజం ఎంతో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మా ఊరు ఇంజన్ల ఊరు. సరస్సు ఒడ్డున, ఇటుక గోడల ఫ్యాక్టరీలో, రెండు షిఫ్టుల్లో ఇంజన్లు తయారయ్యేవి. ఎవర్ట్ పందొమ్మిదో ఏట, డెబ్భై ఎనిమిదిలో, అక్కడ చేరాడు. వాళ్ళ నాన్న రంపపు మిల్లులో మూడు వేళ్ళు పోగొట్టుకున్నవాడు. కొడుకు పదివేళ్ళతో ఇంటికి వచ్చే పనిలో చేరినందుకు ఆ రోజు ఇంట్లో కేకు చేశారు. లైను మీద ఒక్కొక్కరు నిలబడే చోటును స్టేషన్ అనేవాళ్ళం. ఎవర్ట్‌ది పద్నాలుగో స్టేషన్. ఇంజన్ అతని ముందుకు వచ్చేది. ఇంజన్ మధ్యలో తిరిగే ఇరుసు, క్రాంక్ షాఫ్ట్, కూర్చునే అయిదు చోట్ల బేరింగులు పెట్టి, పైన మూతలు వేసి, బోల్టులు బిగించాలి. అరవై ఎనిమిది సెకన్లు. తరవాత ఇంజన్ ముందుకు పోయేది, ఇంకొకటి వచ్చేది. అలా ముప్ఫై ఒక్క సంవత్సరాలు.

చేరిన మొదటి రోజున అతనికి పని నేర్పిన ఫోర్‌మన్ ఒకే ఒక్క సూత్రం చెప్పాడు. వీపు పొడి, కడుపు తడి. బేరింగు రేకు వెనకవైపు గుడ్డతో తుడిచి, చుక్క ఆయిల్ లేకుండా పొడిగా కూర్చోబెట్టాలి. షాఫ్ట్ తగిలే లోపలివైపు మాత్రమే ఆయిల్ రాయాలి. వీపు తడిస్తే బేరింగు జారుతుంది. ఎవర్ట్ ఆ సూత్రాన్ని నిద్రలో అడిగినా చెప్పేవాడు. ఆ బేరింగుల మీద అతని చెయ్యి పడ్డ ఇంజన్లు లక్షల్లో ఉంటాయి. కానీ ముప్ఫై ఒక్క ఏళ్ళలో అతను మొదటి బోల్టు నుంచి చివరి బోల్టు దాకా కట్టిన ఇంజన్ ఒక్కటి కూడా లేదు. ఆ షెడ్డులోదే మొదటిది.

ఫ్యాక్టరీ మాకు పని నేర్పిందని ఊళ్ళో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. పనిని రవ్వరవ్వలుగా విరిచి తలా ఒక ముక్క చేతిలో పెట్టింది. మొత్తం పని ఏమిటో యజమానికి మాత్రమే తెలిసేలా పంచింది. గేటు మూసిన రోజున ఎవరి ముక్క పట్టుకుని వాళ్ళు ఇంటికొచ్చాం. ఒక్కొక్కటిగా చూస్తే దేనికీ పనికిరాని ముక్కలవి.

ఎవర్ట్ మరునాడు పొద్దున్నే పని మొదలుపెట్టాడు. దీపమే అబద్ధం చెబుతోందేమోనని ముందు దాని సెన్సరు విప్పి, ఆ చోట ముల్లున్న గేజి బిగించాడు. చల్లగా ఉన్నప్పుడు ముల్లు నాలుగు మీద నిలిచింది. వేడెక్కి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అరకు దిగింది. కనీసం ఒకటిన్నర ఉండాలి. దీపం నిజమే చెబుతోంది.

ఫిల్టర్ మార్చాడు. అదే అర. ఇంకాస్త చిక్కటి ఆయిల్ పోశాడు. ముల్లు వెంట్రుకంత లేచింది. ఒత్తిడి ఎక్కువైతే తెరుచుకునే స్ప్రింగు మూత ఇరుక్కుని తెరిచే ఉండిపోయిందేమోనని విప్పి చూశాడు. స్ప్రింగు శుభ్రంగా ఉంది.

పక్కింటి ఓర్యాన్ కంచె మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు. జీవితమంతా పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి.

"ఏమయ్యా, లక్షల ఇంజన్లు కట్టానన్నావు. అన్నీ ఇలాగే ఉన్నాయా?"

"నువ్వు పంచిన ఉత్తరాలన్నీ సరైన ఇంటికే వెళ్ళాయా?"

"తప్పు ఇంటికి వెళ్తే జనమే తెచ్చి ఇచ్చేవాళ్ళు. నీ ఇంజన్లు ఎవరైనా తిరిగి తెచ్చిచ్చారా?"

ఎవర్ట్ మళ్ళీ ఇంజన్ మీదికి వంగాడు. ఓర్యాన్ కాసేపు నిలబడి, "కొవ్వొత్తులు కావాలంటే ఉన్నాయి, మూడింటికల్లా చీకటి పడుతుంది," అని సణిగి లోపలికి పోయాడు. అతని పద్ధతిలో అది క్షమాపణ.

ఇక మిగిలింది ఒక్కటే అనుకున్నాడు ఎవర్ట్. బేరింగులు. బేరింగు వదులుగా ఉంటే వేడికి పల్చబడ్డ ఆయిల్ పక్కలనుంచి జారిపోతుంది, ఒత్తిడి పడిపోతుంది. లైను మీద అందరికీ తెలిసిన సంగతే. తప్పు ఎక్కడుంటుందని తనను తాను అడిగితే అతనికి మొదట గుర్తొచ్చేది తన స్టేషనే. మధ్యాహ్నమంతా ఇంజన్‌ను గొలుసుతో నాలుగు వేళ్ళ ఎత్తు లేపి, కింది ఆయిల్ చాంబర్ విప్పి, కారు కింద వెల్లకిలా పడుకుని, అయిదు మూతలూ ఒక్కొక్కటే తీశాడు. మైనపు పోగు లాంటి సన్నటి దారం పెట్టి బిగించి, మళ్ళీ విప్పి, ఆ దారం ఎంత నలిగి వెడల్పయిందో కొలిచాడు. అయిదూ సరిగ్గా ఉన్నాయి. రెండోసారి కొలిచాడు. అప్పుడూ సరిగ్గానే ఉన్నాయి.

వంటింట్లోకి వచ్చి చేతులు కడుక్కోకుండానే కూర్చున్నాడు. అతను అలా కూర్చోవడం గున్‌బ్రిట్ ఎన్నడూ చూడలేదు.

"దొరికిందా?"

"లేదు. నా దాంట్లో తప్పు లేదు."

"మరి మంచిదేగా?"

"నా దాంట్లో ఉంటే బాగుండేది. అది నాకు బాగుచేయడం వచ్చు."

నిన్నటి బఠాణీ సూపు మిగిలినది వేడిచేసి ఆమె అతని ముందు పెట్టింది. ఆవాల ముద్ద గిన్నె జరిపింది. అతను చెంచా ముట్టలేదు.

"బేరింగుల తరవాత ఏముంటుంది?" అంది.

"పంపు. పంపు నుంచి పైకెక్కే గొట్టం."

"అది లైను మీద ఎవరి చెయ్యి?"

ఎవర్ట్ చెంచా తీసుకున్నాడు. ఆమెకు తెలిసే అడిగిందని అతనికీ తెలుసు.

"ఐలాని అడుగు."

"నా మొహం మీద తలుపు వేస్తుంది."

"వెయ్యనీ. తలుపు వెయ్యడానికైనా ముందు తియ్యాలిగా."

ఐలా హెయికూరా ఫిన్లండ్ నుంచి పద్దెనిమిదో ఏట, సూట్‌కేసూ నాలుగు స్వీడిష్ మాటలూ పట్టుకుని ఓడ దిగిన పిల్ల. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో సగం భాష ఫిన్నిషే. ఆమెది పదిహేనో స్టేషన్. ఎవర్ట్ బిగించి పంపింది ఆమె అందుకునేది. ఆయిల్ పంపు, గొట్టం, కింద చాంబర్. ఇరవై ఏడేళ్ళు ఇద్దరి మధ్యా మూడు అడుగుల దూరం. ఎవరి పెళ్ళి ఎప్పుడైందో, ఎవరి తల్లి ఎప్పుడు పోయిందో, ఎవరికి ఏ పన్ను నొప్పో ఒకరిది ఒకరికి తెలుసు.

అది తెగిపోయింది రెండు వేల ఏడులో. ఎవర్ట్ అప్పుడు యూనియన్ శాఖకు సెక్రటరీ. మనుషుల్ని తీసేస్తామంది కంపెనీ. మా చట్టం ప్రకారం చివర చేరినవాళ్ళు ముందు పోవాలి, పాతవాళ్ళు నిలవాలి. కాకపోతే అదే చట్టంలో ఒక కిటికీ ఉంది. కంపెనీ, యూనియన్ కలిసి సంతకం పెడితే వేరే జాబితా రాసుకోవచ్చు. కంపెనీ అలాంటి జాబితా ఒకటి తెచ్చింది. పదకొండు పేర్లు. ఇందులో సంతకం పెడితే మిగతా నూట నలభై మంది ఉంటారు, పెట్టకపోతే లైనే మరో దేశానికి పోతుంది అంది. ఆ పదకొండు మందిలో భుజాలో, నడుమో, మణికట్టో అరిగిపోనివాళ్ళు ఒక్కరూ లేరు. ఇరవై ఏళ్ళు ఆ లైనుకిచ్చి అరగదీసుకున్న ఒళ్ళు అవి. కమిటీలో అయిదుగురు సంతకం పెట్టారు. ఎవర్ట్ మూడోవాడు. రెండేళ్ళు తిరక్కుండానే లైను మరో దేశానికి పోయింది.

అప్పటినుంచి ఐలా అతనితో మాట్లాడలేదు. ఏడేళ్ళు. దుకాణంలో ఎదురైతే తోపుడు బండి తిప్పుకుని పక్క వరసలోకి వెళ్ళిపోయేది. ఇప్పుడు బడి వంటగదిలో పూటపని చేస్తోంది.

శనివారం పొద్దున పదకొండింటికి ఎవర్ట్ ఆమె ఫ్లాటు గంట నొక్కాడు. తలుపు తెరుచుకుంది. లోపలినుంచి ఏలకుల రొట్టె వాసన వచ్చింది. ఐలా అతని బూట్ల నుంచి టోపీ దాకా చూసింది.

"ఏం సెక్రటరీ గారూ, దారి తప్పారా?"

"లేదు. నీ దగ్గరికే వచ్చా."

"సంతకం ఏమన్నా మిగిలిపోయిందా?"

అతను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కారు సంగతి, దీపం సంగతి, గేజి ముల్లు సంగతి గబగబా చెప్పాడు. గున్‌బ్రిట్ సోమవారం సంగతి చెప్పాడు. ఆమె అడ్డుపడకుండా వింది.

"చల్లగా ఉన్నప్పుడెంత?"

"నాలుగు."

"వేడెక్కాక?"

"అర."

"బేరింగులు చూశావా?"

"రెండుసార్లు."

"చూస్తావులే. నీకు లోకంలో ఉన్నవి అవొక్కటేగా." ఆమె తలుపు మీద చెయ్యి తీయలేదు. "ఇప్పుడొకటి చెప్పు. నీ కోసం వచ్చావా, గున్‌బ్రిట్ కోసం వచ్చావా?"

"గున్‌బ్రిట్ కోసం."

"నీ కోసమైతే ఈపాటికి తలుపు వేసేదాన్ని. పద, రొట్టె పొయ్యిలోంచి తీసి వస్తా. నీతో కలిసి నడవను. నువ్వు ముందు పో."

అరగంట తరవాత ఐలా షెడ్డులోకి వచ్చింది. గున్‌బ్రిట్‌ని కౌగిలించుకుంది. ఎవర్ట్ చూపించిన కుర్చీ వదిలేసి, బోర్లించిన సీసాల డబ్బా లాక్కుని కారు పక్కన కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ఆ చెయ్యి భుజానికి మించి లేవదు.

"నేను కింద దూరలేను. నీ చేతులు, నా నోరు. సరేనా?"

"సరే."

"పడుకో. పంపు నుంచి పైకెళ్ళే గొట్టం కనపడుతోందా? దాన్ని బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకో. గట్టిగా కాదు. గుడ్డు పట్టుకున్నట్టు. అటూ ఇటూ ఆడించు."

కారు కిందనుంచి ఎవర్ట్ గొంతు వచ్చింది. "కొంచెం కదులుతోంది."

"ఎంత?"

"కొంచెమే. ఇంత మాత్రం కదలాలేమో."

"కదలకూడదు. చచ్చినా కదలకూడదు. పైకొసనా, కిందికొసనా?"

"పైకొస."

ఐలా ఊపిరి వదిలింది. "పంపు విప్పు. గొట్టం లాగెయ్యి. పై కొసన రబ్బరు రింగు ఉంటుంది. బయటికి తీసుకురా, వెలుతుర్లో చూద్దాం."

ఇరవై నిమిషాలు పట్టింది. ఎవర్ట్ బయటికి జరిగి, లేచి కూర్చుని, ఆ రింగును ఆమె ఎడమ అరచేతిలో పెట్టాడు. కొత్త రింగే. ఒక పక్కన మెలితిరిగి, గోరు పట్టేంత ముక్క తెగి ఉంది. ఆమె దాన్ని బొటనవేలి కింద ఒకసారి నిమిరింది. చూడాల్సిన అవసరం కూడా ఆమెకు పడలేదు.

"పొడిగా పెట్టావు."

"తుడిచి మరీ పెట్టా. శుభ్రంగా."

"తుడిచి మరీ." ఆమె గున్‌బ్రిట్ వైపు తిరిగింది. "విన్నావా ఈయన గొప్ప? వీపు పొడి, కడుపు తడి. ఇరవై ఏడేళ్ళు నా చెవి పక్కనే పాడాడు ఆ పాట. ఇది రబ్బరు ఎవర్ట్, రేకు కాదు. దీనికి ఆయిల్ ముంచి పెట్టాలి, లేకపోతే లోపలికి నెట్టేటప్పుడు చుట్టుకుని తెగుతుంది. చల్లగా ఉన్నప్పుడు చిక్కటి ఆయిల్ ఆ సందులోంచి పోలేదు. వేడెక్కి నీళ్ళయ్యాక మొత్తం అక్కడే కారిపోతోంది. పైకేం ఎక్కుతుంది మరి?"

ఎవర్ట్ తెగిన రింగును చూస్తూ కూర్చున్నాడు. "నువ్వు ఆయిల్ ముంచుతావని నాకు తెలీదు."

"మూడు అడుగుల దూరంలో నిలబడ్డావు."

"ఎప్పుడూ తలెత్తి చూడలేదు."

"చూస్తే నీ ఇంజన్ దాటిపోయేది. నేను చూశానా నీ వైపు? నాకు మాత్రం బేరింగు వెయ్యడం వచ్చా?"

ఆ ఒక్క మాటలో తిట్టు లేదు. అలసట మాత్రమే ఉంది.

సామాన్ల దుకాణం శనివారం ఒంటిగంటకు మూసేస్తారు. అప్పటికి పన్నెండున్నర. ఓర్యాన్ తన కారు తీశాడు. దారంతా ఒక్క వెటకారం కూడా ఆడలేదని ఎవర్ట్ తరవాత చెప్పాడు. అదే తనకు అన్నిటికన్నా భయం వేసిందట. ఒంటిగంటకు ఆరు నిమిషాలుందనగా రెండు కొత్త రింగులు కొని తెచ్చారు.

ఐలా ఒక సీసా మూతలో ఆయిల్ పోసి రింగుల్ని అందులో వేసింది. ఎవర్ట్ మళ్ళీ కిందికి దూరాడు. "వంకర లేకుండా నెట్టు. చివర్లో ఒక్కసారి లోపలికి దిగినట్టు వేలికి తెలుస్తుంది. తెలిసేదాకా పంపు బోల్టు ముట్టకు," అంది. కాసేపటికి కిందనుంచి, "తెలిసింది," అని వినిపించింది. "ఆడించు." "కదలడం లేదు." "సరే. ఇప్పుడు బిగించు."

చాంబర్ మూసి, ఇంజన్ దించి, ఆయిల్ పోసేసరికి మూడు దాటింది. బయట చీకటి. స్టార్ట్ చేశారు. ముల్లు నాలుగు మీదికి వెళ్ళింది. అది ఎవరికీ ఊరట కాదు. చల్లగా ఉన్నప్పుడు ఎప్పుడూ నాలుగే. వేడెక్కేదాకా ఆగాలి. పావుగంట. గున్‌బ్రిట్ కాఫీ పోసి ఇద్దరికీ ఇచ్చి, గేజి దగ్గరే నిలబడింది.

ఐలా కప్పు పట్టుకుని ఇంజన్ వైపే చూస్తూ అంది. "నా భుజం నొప్పని నీకే చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు."

"అవును."

"నువ్వు రాసి ఆఫీసులో ఇచ్చావు."

"నీ స్టేషన్లో ఎత్తే యంత్రం పెట్టిస్తారని రాశాను. రాయందే పెట్టరు."

"తెలుసు. దానికి నీ మీద కోపం లేదు. నా కోసమే రాశావు." ఒక గుక్క తాగింది. "జాబితా వచ్చినప్పుడు పేర్లు చదివావా, చదవకుండా పెట్టావా సంతకం? ఏడేళ్ళుగా ఇదొక్కటే అడగాలని."

ఎవర్ట్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. చదవలేదని చెప్పడం తేలిక. హడావుడిలో చూడలేదని అంటే ఆమె నమ్మేదేమో కూడా.

"చదివాను. నాలుగోది నీ పేరు."

"చదివి పెట్టావు."

"నూట నలభై మంది నిలుస్తారన్నారు."

"నిలిచారా?"

"రెండేళ్ళు."

"నేనున్న జాబితాలో అందరివీ నొప్పి కాగితాలే. నువ్వు రాసినవే. అదీ చూశావా?"

"అప్పుడు చూడలేదు. ఇంటికొచ్చాక తట్టింది."

"తట్టాక?"

"ఏం చెయ్యలేదు."

ఇంజన్ తిరుగుతూనే ఉంది. ఐలా తల ఊపింది, ఎప్పటినుంచో తెలిసిన ధర ఎవరో మళ్ళీ చెప్పినట్టు. క్షమించానని అనలేదు. అతనూ అడగలేదు. కమిటీలో మిగతా నలుగురిని కూడా ఊళ్ళో చాలాసార్లు చూస్తుంటాను నేను. వాళ్ళందరూ చదవకుండానే సంతకం పెట్టారట.

"ఎవర్ట్," అంది గున్‌బ్రిట్. "ఇటు చూడు."

ఫ్యాన్ తిరగడం మొదలైంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కింది. ఎవర్ట్ వచ్చి వేగం తగ్గించాడు. ముల్లు దిగింది. రెండు. ఇంకాస్త దిగింది. ఒకటిన్నరకు పైన, రెండుకు కింద ఆగింది. ముగ్గురూ మరో అయిదు నిమిషాలు చూశారు. ముల్లు అక్కడే ఉంది. గేజి విప్పి, సెన్సరు తిరిగి బిగించి స్టార్ట్ చేస్తే, లోపల డాష్‌బోర్డు మీద దీపం వెలగలేదు.

"వెయ్యి కిలోమీటర్లకి ఆయిల్ మార్చండి," అని ఐలా లేచింది. గున్‌బ్రిట్ రొట్టె కట్టిస్తానంటే వద్దంది. "నాది ఇంట్లో ఉంది, నీ దానికన్నా బాగుంటుంది." గుమ్మం దగ్గర ఆగి గున్‌బ్రిట్ మోచెయ్యి పట్టుకుంది. "ముసలివాళ్ళని ఎత్తే పని. నీ భుజాలు కూడా పోతాయి. పోయినప్పుడు రాయించు, దాచుకోకు. కాకపోతే కాగితం నకలు నీ దగ్గర పెట్టుకో. ఎవరు సెక్రటరీ అయినా సరే."

"ఇంటిదాకా దిగబెడతాను," అన్నాడు ఎవర్ట్. "ఎలాగూ నడిపి చూడాలి."

ఆమె కారు వైపు ఒకసారి చూసింది. "నడుస్తా," అంది. వెళ్ళిపోయింది.

సోమవారం ఆరుంపావుకు గున్‌బ్రిట్ బయల్దేరింది. ఎవర్ట్ ఆ రోజంతా ఇంట్లో ఏ పనీ చేయలేకపోయాడు. ఫోన్ మోగితే దారిలో ఆగిపోయిందనే అనుకునేవాడు. మోగలేదు. నాలుగున్నరకు కారు వాకిట్లోకి వచ్చి ఆగింది. ఆమె లోపలికొచ్చి, కోటు విప్పకుండా హాల్లో బూట్ల బల్ల మీద కూర్చుండిపోయింది.

"సంతకం పెట్టించుకున్నారా?"

"పెట్టించుకున్నారు. పర్మనెంటే. కాకపోతే ముప్పావు పూట. మిగతా పావు, అవసరమైతే పిలుస్తారట."

"మళ్ళీ ఫోనేనా?"

"పావు ఫోను. ముందు మొత్తం ఫోనే కదా. నయం."

"ఎలా ఉంది పని?"

"పద్నాలుగిళ్ళు. ఒక్కో ఇంటికి పదకొండు నిమిషాలు. తలుపు దగ్గర వచ్చానని ఫోన్‌లో నొక్కాలి, బయటికొచ్చేటప్పుడు మళ్ళీ నొక్కాలి. ఒకావిడ ఉంది, తొంభై ఒకటి. ఆవిడకి మేజోళ్ళు తొడగడానికే తొమ్మిది నిమిషాలు పట్టింది. కూర్చోమ్మా, కాఫీ తాగు అంది. ఎక్కడ కూర్చునేది?"

ఎవర్ట్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు. "మీ లైనులో ఎంత?" అంది ఆమె కళ్ళు మూసుకునే.

"అరవై ఎనిమిది సెకన్లు."

"అమ్మయ్య. నాకు పదింతలు."

ఇద్దరూ నవ్వారు, ఎక్కువసేపు కాదు. రెండో బూటు విప్పేసరికి ఆమె గోడకు తల ఆనించి నిద్రపోయింది. కోటు జేబులో ఫోన్ ఒక్కసారి మోగింది, మెసేజి. రేపటి దారిలో ఇంకో ఇల్లు కలిపారు. ఎవర్ట్ అది చదివి, ఆమెను లేపకుండా, అలారం అయిదుకు మార్చాడు.